ఎస్‌బీఆర్‌లో నైట్రిఫికేషన్ నైట్రైట్ దగ్గరే ఆగిపోతోంది: ముందు ఏది మార్చాలి?

ల్యాబ్ స్కేల్ ఎస్‌బీఆర్ (మురుగునీటిని ఒకే ట్యాంకులో దఫాలుగా శుద్ధి చేసే రియాక్టర్), పని పరిమాణం 5 లీటర్లు. నైట్రిఫికేషన్‌లో బ్యాక్టీరియా మొదటి దశలో అమ్మోనియాను నైట్రైట్‌గా, రెండో దశలో నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చాలి. సైకిల్ 6 గంటలు: 15 నిమిషాలు నింపడం, 4.5 గంటలు గాలి, 45 నిమిషాలు సెటిలింగ్, 15 నిమిషాలు డికాంట్ (పైన తేరిన నీటిని తీయడం), 15 నిమిషాలు విరామం. ప్రతి సైకిల్‌కూ సగం నీరు మారుతుంది. కృత్రిమ మురుగునీటిలో అమ్మోనియా నైట్రోజన్ 60, సీవోడీ (సేంద్రియ కాలుష్యానికి కొలత) 300 మి.గ్రా./లీ. ఉష్ణోగ్రత 33 డిగ్రీలు, పీహెచ్ 8.1.

ఐదు వారాలుగా బయటికొచ్చే నీటిలో అమ్మోనియా 2 లోపే ఉంది. కానీ నైట్రైట్ నైట్రోజన్ 34, నైట్రేట్ 6 మాత్రమే. నైట్రైట్ పరీక్షలో శాంపిల్‌ను 50 రెట్లు పలుచన చేసినా రంగు ముదురు గులాబీకి తిరుగుతోంది.

డీవోను (నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను) 2.5 నుంచి 4కు పెంచాను, మార్పు లేదు. స్లడ్జ్ వయసును (బ్యాక్టీరియా ముద్ద ట్యాంకులో ఉండే సగటు కాలాన్ని) 10 నుంచి 20 రోజులకు పెంచినా అంతే. బాగా నైట్రిఫై అయ్యే స్లడ్జ్ ఒక లీటరు కలిపితే ఆరు రోజులు నైట్రైట్ తగ్గి, మళ్లీ మొదటికొచ్చింది. డీవో ప్రోబ్‌ను రెండుసార్లు క్యాలిబ్రేట్ చేశాను.

నా అనుమానం ఫ్రీ అమ్మోనియా (అయాన్‌గా మారని అమ్మోనియా, పీహెచ్ పెరిగేకొద్దీ దాని వాటా పెరుగుతుంది) మీద. నింపిన వెంటనే లెక్క ప్రకారం అది సుమారు 4 మి.గ్రా./లీ. వస్తోంది, నైట్రైట్‌ను ఆక్సీకరించే బ్యాక్టీరియా 0.1 నుంచి 1 మధ్యలోనే దెబ్బతింటుంది. పీహెచ్ బాగా తగ్గిస్తే క్షారత (ఆమ్లాన్ని తటస్థం చేసే శక్తి) చాలక మొదటి దశే ఆగుతుందేమోనని వెనకాడుతున్నాను.

ఆ బ్యాక్టీరియా మళ్లీ నిలదొక్కుకోవాలంటే ముందు పీహెచ్‌ను 7.4 దగ్గర నిలపాలా, లేక నీటి మార్పిడిని 25 శాతానికి తగ్గించాలా?