ఉద్యోగం చిత్తూరులో, కాపురం తిరుపతిలోనా?

పీలేరు ఆడపడుచు (ప్రశ్న):

నమస్కారం. మావారికి విజయవాడ నుంచి చిత్తూరుకు బదిలీ అయింది. జూన్‌లో బడులు తెరిచేలోగా మకాం మార్చాలి. బాబుకు ఐదున్నరేళ్ళు, పాపకు రెండేళ్ళు నిండబోతున్నాయి. నేను బెంగళూరులోని ఒక సంస్థకు ఇంటి నుంచే పనిచేస్తున్నాను కానీ, నెలకు రెండుసార్లు అక్కడికి వెళ్ళక తప్పదు. బాబుకు చలికాలంలో ఆయాసం వస్తుంది. ఇప్పటికి రెండుసార్లు అర్ధరాత్రి వాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాము.

మావారు చిత్తూరులోనే బాడుగ ఇల్లు చూద్దామంటున్నారు. మా అత్తగారు మాత్రం చదువుకైనా వైద్యానికైనా తిరుపతే మేలని, ఆరు వరుసల రోడ్డు పడ్డాక 70 కిలోమీటర్లు ఒక దూరమే కాదని, అబ్బాయి రోజూ పోయిరావచ్చునని పట్టుబడుతున్నారు. మా తోడికోడలు కూడా తిరుపతిలోనే ఉంటుంది. చిన్నపిల్లలతో ఈ రెండు ఊళ్ళలో ఉన్నవారు, ముఖ్యంగా రోజూ ఆ దారిన తిరిగినవారు, తమ అభిప్రాయం చెప్పగలరు.

కొర్లగుంట వాసి:

అమ్మా, మీ అత్తగారి మాటను తేలిగ్గా తీసివేయకండి. ముప్ఫై ఏళ్ళుగా తిరుపతిలో ఉంటున్నాను. స్విమ్స్, రుయా వంటి పెద్దాసుపత్రులు, 2021 అక్టోబరులో మొదలైన పిల్లల గుండె ఆసుపత్రి, ఇవన్నీ పిలిస్తే పలికేంత దగ్గరలో ఉన్నాయి. అర్ధరాత్రి బిడ్డకు ఊపిరి ఆడనప్పుడు పదిహేను నిమిషాల్లో పెద్దాసుపత్రి గడప తొక్కగలగడం ఎంత ధైర్యమో మీకు వేరే చెప్పనక్కరలేదు. 1954లో విశ్వవిద్యాలయం వచ్చిననాటి నుంచి ఇది చదువుల ఊరు. 2015లో ఐఐటీ, సైన్సు చదువుల సంస్థ ఐసర్ కూడా వచ్చాయి. ఆదివారం పూట జంతుప్రదర్శనశాలకో, అలిపిరి దారిలోని సైన్స్ సెంటర్‌కో, వానలు పడితే కపిలతీర్థం జలపాతానికో పిల్లలను తీసుకుపోవచ్చు.

అయితే తిరుపతిలో ఎక్కడైనా ఒకటేనని అనుకోవద్దు. 2021 నవంబరు వానలకు పల్లపు వీధులు ఎన్నో మునిగాయి. వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జి గట్టి వాన పడితే చెరువే. బడి బండి ఆ దారిన వస్తుందో లేదో ముందే అడగండి. కొండ అంచున ఇల్లు చల్లగా ఉంటుందని కొందరు జీవకోన వైపు చూస్తారు కానీ, విశ్వవిద్యాలయం ఆవరణలోనే చిరుతలు కనబడుతున్న ఊరు ఇది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాప చిరుతకు బలైన తరువాత, సందె పడితే మా మనవలను ఆ పక్కకు పోనివ్వడం లేదు.

మిట్టూరు మేష్టారు:

పెద్దవారు చెప్పిన ఆసుపత్రుల మాట నిజమే, కాదనను. కానీ ఐదున్నరేళ్ళ బాబుకు ఐఐటీ ఎంత దూరంలో ఉంటే ఏమిటండీ! ఆ వయసు బిడ్డకు కావలసినది నడిచి పోగలిగినంత దగ్గరలో ఒక బడి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరే తండ్రి.

కాస్త లెక్క వేసి చూద్దాం. పోనూ రానూ 140 కిలోమీటర్లు. రోడ్డు ఎంత బాగున్నా, ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మానికి గంటన్నర అనుకోండి; రోజుకు మూడు గంటలు, నెలకు 22 పనిదినాలైతే 66 గంటలు. సొంత కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే రోజుకు తొమ్మిది లీటర్లు దాటుతుంది. లీటరు 110 రూపాయల లెక్కన నెలకు 22 వేలకు పైమాటే, గాదంకి దగ్గర కట్టే టోలు కాక. ఆ డబ్బుతో చిత్తూరులో మంచి ఇల్లు బాడుగకు తీసుకోవచ్చు. మీ బెంగళూరు ప్రయాణం సంగతి చూసినా, పలమనేరు, ముళబాగిలు మీదుగా చిత్తూరు నుంచి సుమారు 180 కిలోమీటర్లే. తిరుపతి నుంచి బయలుదేరితే మళ్ళీ ఈ 70 కలుపుకోవలసిందే.

వైద్యం విషయంలో జనం మరచిపోయేది ఒకటుంది. చిత్తూరు నుంచి వేలూరు సుమారు 35 కిలోమీటర్లు. మా తాతల నాటి నుంచి ఈ పక్కవాళ్ళకు పెద్ద జబ్బంటే వేలూరులోని సీఎంసీ ఆసుపత్రే. ఊళ్ళో జిల్లా ఆసుపత్రి ఉంది, మురకంబట్టు దగ్గర వైద్య కళాశాల ఆసుపత్రీ ఉంది. ఆయాసపు బిడ్డకు ముందుగా కావలసింది పది నిమిషాల్లో ఆక్సిజను, మందును ఆవిరిలా పట్టే నెబ్యులైజరు. అవి రెండు ఊళ్ళలోనూ దొరుకుతాయి.

రోజూ బస్సు ఎక్కినవాడు:

ఈ ప్రశ్న నా కోసమే అడిగినట్టుంది. రెండేళ్ళు తిరుపతిలో కాపురం ఉండి చిత్తూరుకు పోయివచ్చాను. ఉదయం ఆరున్నరకు ఇల్లు విడిచేసరికి పాప నిద్రలో ఉండేది. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చేసరికి మళ్ళీ నిద్రలోనే. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ నాడు ఊళ్ళోకి రావడానికే గంట పట్టింది. ఒకరోజు పాపకు జ్వరం ఎక్కువగా ఉందని బడి నుంచి ఫోను వచ్చింది. నా భార్య అప్పుడు రేణిగుంటలో పనిలో ఉంది, నేను చిత్తూరులో ఉన్నాను. నేను బస్సు పట్టుకుని చేరేసరికి బడి వదిలి చాలాసేపయింది. బడి ఆయమ్మ ఒడిలో పాప, పక్కన బల్ల మీద మూత తీయని టిఫిను డబ్బా. ఆ బడివాళ్ళు తమవంతుగా ఒక మాత్ర కూడా వేయకుండా ఊరుకున్నారని అప్పుడు కోపం వచ్చింది గానీ, తప్పు వాళ్ళది ఒక్కరిదే కాదని నాకూ తెలుసు. ఆ ఏడాది పాప గీసిన మా ఇంటి బొమ్మలో వాళ్ళమ్మ, తాను, పిల్లి గుమ్మంలో ఉన్నారు. నేను ఎర్ర బస్సు కిటికీలో ఉన్నాను. మరుసటి మే నెలలో చిత్తూరుకు మకాం మార్చాము.

కొర్లగుంట వాసి:

బాబూ, మీ మాట చదివి మనసు కలతపడింది. అయినా ఒక్క సంగతి అడుగుతాను. ఈ చర్చ అంతా తండ్రి దూరం చుట్టూనే తిరుగుతున్నది. ఆ అమ్మాయి రోజంతా ఇంట్లో కూర్చుని పనిచేస్తూ, రెండేళ్ళ పాపను పెట్టుకుని, కొత్త ఊళ్ళో ఎవరి తోడు పెట్టుకుంటుంది? తిరుపతిలో తోడికోడలు ఉంటే ఆ తోడు విలువ ఎన్ని లీటర్ల పెట్రోలుకు సమానం? ఆ బేరీజు కూడా మేష్టారు వేయాలి.

మిట్టూరు మేష్టారు:

న్యాయమైన ప్రశ్న. తోడికోడలు నిజంగా ఒకే వీధిలో ఉండి పాపను పగలు చూసుకోగలిగితే, నా లెక్క సగం తలకిందులవుతుంది. అదే ఊరికి ఆ కొసన ఉండి పండగలకు కలిసే చుట్టరికమైతే మాత్రం, చిత్తూరులో పక్కింటి ముసలమ్మే నయం.

సంతపేట అక్క:

ఊరు తేల్చుకునే ముందు వీధి తేల్చుకోండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇల్లు చూడడం మేలు, ఎందుకంటే నీళ్ళ సంగతి అప్పుడే బయటపడుతుంది. చిత్తూరులో ఒకప్పుడు వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టి కాచుకున్న రోజులు నాకు తెలుసు. తిరుపతికి కల్యాణి డ్యామ్, తెలుగు గంగ నీళ్ళున్నా, కొత్తగా వెలసిన లేఅవుట్లలో బోరు మీదే ఆధారం. ఓనరు మాట వినకండి, సంపు మూత తీయించి చూడండి. ముందు 11 నెలల ఒప్పందం రాసుకోండి. చాలామంది అలాగే రాస్తారు, మీకూ నచ్చకపోతే మారే వీలుంటుంది. బడిలో సీటు కోసం బాబుకో మీకో పరీక్ష పెడతామంటే, 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షను అది కూడదంటున్నదని మర్యాదగా గుర్తుచేయండి. టీకా కార్డు సామాన్ల మూటల్లో పడేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి. పాపకు రెండేళ్ళు నిండేలోగా మీజిల్స్-రూబెల్లా రెండో డోసు, బాబుకు ఐదారేళ్ళ మధ్య వేసే డీపీటీ బూస్టరు పడ్డాయో లేదో చూసుకోండి.

పీలేరు ఆడపడుచు:

అందరికీ కృతజ్ఞతలు. తోడికోడలు ఉండేది తిరుచానూరు రోడ్డులో. ఆమె కూడా ఉదయం తొమ్మిదికి ఉద్యోగానికి వెళ్ళి సాయంత్రం ఆరు దాటాక వస్తుంది. పాపను చూసుకోవడం కుదరదని ఫోనులో తానే చెప్పింది.

మొన్న ఆదివారం చిత్తూరులో రెండిళ్ళు చూశాము. మొదటి ఇంట్లో ఓనరు "నీళ్ళకు లోటే లేదమ్మా" అంటూనే ఉన్నాడు, ప్రహరీ మీద ట్యాంకరు పైపు తడి ఆరకుండా వేలాడుతోంది. అక్క చెప్పినట్టు సంపు మూత తీయించాను. అడుగున జానెడు నీళ్ళున్నాయి. రెండో ఇల్లు కొంగారెడ్డిపల్లెలో ఉంది. పాతది, గదులు చిన్నవి, కానీ కొళాయి నీళ్ళు మా కళ్ళముందే వచ్చాయి, బడి నాలుగు వీధుల అవతల ఉంది. 11 నెలలకు మాట్లాడుకుని అడ్వాన్సు ఇచ్చి వచ్చాము. నెబ్యులైజరు ఇంట్లో పెట్టుకోవాలని, చలి మొదలయ్యేలోగా ఒకసారి రాత్రిపూట వేలూరు దాకా బండి నడిపి ఎంతసేపు పడుతుందో చూడాలని మావారితో ఒప్పందం చేసుకున్నాను. అత్తగారు ఇంకా ముభావంగానే ఉన్నారు. దసరాకు మా దగ్గరికి వచ్చి పది రోజులుండి అప్పుడు చెబుతానన్నారు. కొంగారెడ్డిపల్లె దగ్గరలో రాత్రి తొమ్మిది దాటాక కూడా చూసే పిల్లల డాక్టరు ఎవరైనా ఉంటే, ఏ వీధో చెప్పండి.