పంపు మీద ఫ్రాప్ పడిపోతోంది: ఖర్చయిందా, పలచబడిందా?

శాంపిల్_తిరుపతి: నమస్కారమండీ. గుండె బైపాస్ కేసుల్లో, అంటే రక్తాన్ని గుండె-ఊపిరితిత్తుల యంత్రం (పంపు) తిప్పే ఆపరేషన్లలో, ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఆక్సీకరణ వల్ల కణాలకు జరిగే నష్టం) చూస్తున్నాం. ఆర్టరీ లైన్ నుంచి మూడుసార్లు రక్తం తీస్తాం: మత్తుకు ముందు, అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) మీద బిగించిన క్లాంపు తీసిన 10 నిమిషాలకు, 24 గంటలకు. ఒక కేసులో క్లాంపు తీశాక ఫ్రాప్ (యాంటీఆక్సిడెంట్ల మొత్తం శక్తిని కొలిచే పరీక్ష) 980 నుంచి 590 మైక్రోమోల్‌కి దిగింది, మర్నాటికి 1100. ఎండీఏ (కొవ్వులు ఆక్సీకరణ చెందితే పుట్టే పదార్థం) 2.1 నుంచి 4.6కి పెరిగింది. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 40 నుంచి 28, టోటల్ ప్రొటీన్ 7.0 నుంచి 4.1. యాంటీఆక్సిడెంట్లు ఖర్చయిపోయాయని రాసేయొచ్చా? ఫ్రాప్‌కి ప్లెయిన్ ట్యూబు సీరం, ఎండీఏకి ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో ఉండే రసాయనం) ప్లాస్మా. రెండూ ఈడీటీఏలోనే చేస్తే రక్తం మిగులుతుంది కదా?

పంపు_పక్కన: రాయొద్దు. పంపు గొట్టాలను ముందే నింపే ప్రైమింగ్‌కే లీటరుకు పైగా ద్రవం పోస్తాం. చాలామంది 40/28 అని 1.43తో గుణించేసి ఊరుకుంటారు. అది మొత్తం రక్తం పలచబడిన లెక్క. మీరు కొలిచేది ప్లాస్మాలో ఉన్నదాన్ని. ప్లాస్మా వాటా 60 నుంచి 72 అయింది కాబట్టి 1.43ని మళ్లీ 72/60తో గుణించాలి: 1.71. ప్రొటీన్ లెక్క, 7.0/4.1, అదీ 1.71 దగ్గరే. ఇప్పుడు 590ని 1.71తో గుణిస్తే 1009. ఇక ఖర్చయిందెక్కడ?
మధ్యలో రక్తం ప్యాకెట్ ఎక్కిస్తే హెమటోక్రిట్ లెక్క చెడుతుంది. ప్రైమ్‌లో ఆల్బుమిన్ పోస్తే ప్రొటీన్ లెక్క చెడుతుంది. పెర్ఫ్యూజన్ షీటు (పంపు మీద ఏమేం పోశారో రాసే కాగితం) చూడకుండా ఏదీ వాడకండి.

గులాబీ_532: ట్యూబుల సంగతి. ఈడీటీఏ ఇనుమును పట్టేసుకుంటుంది. ఎండీఏకి అది మేలు, ఫ్రాప్‌కి కీడు, ఎందుకంటే ఫ్రాప్ నడిచేదే ఇనుము మీద. ఫ్రాప్‌కి హెపారిన్ ట్యూబు పెట్టండి. పంపు మీదున్న మనిషి రక్తం ప్లెయిన్ ట్యూబులో సరిగా గడ్డకట్టదు, ఒంట్లో అంత హెపారిన్ ఉంటుంది. ఆలస్యంగా వచ్చే ఫైబ్రిన్ పోగులు రీడింగును మసకబారుస్తాయి.
ఇక ఆ 4.6. సక్షన్ వల్ల, రోలర్ పంపు వల్ల ఎర్రకణాలు పగులుతాయి. బయటపడ్డ హిమోగ్లోబిన్, ఎండీఏ రీడింగు తీసే 532 నానోమీటర్ల దగ్గర తనూ కాంతిని మింగుతుంది. పైగా టీబీఏతో (ఎండీఏతో కలిసి గులాబీ రంగిచ్చే రసాయనం) 95 డిగ్రీల్లో మరిగించేటప్పుడు దాని ఇనుము ట్యూబులోనే కొత్త ఎండీఏ పుట్టిస్తుంది. మరిగించక ముందే ఆక్సీకరణను ఆపే బీహెచ్‌టీ వేయండి, తర్వాత ఆ గులాబీ రంగును బ్యూటనాల్‌లోకి లాగండి. ప్రతి శాంపిల్‌కీ టీబీఏ లేని బ్లాంకు పెట్టి అది తీసేశాకే 1.71తో గుణించండి. ప్లాస్మా గులాబీగా కనిపిస్తే ఫ్రీ హిమోగ్లోబిన్ కొలిచి పక్కన రాసుకోండి.

శాంపిల్_తిరుపతి: గులాబీగానే ఉంటోందండీ. థియేటర్ దగ్గర సెంట్రిఫ్యూజ్ లేదు, ల్యాబుకి ఆటోలో అరగంట.

గులాబీ_532: మే నెల తిరుపతి ఎండలో అరగంటా! బ్రహ్మోత్సవాలప్పుడైతే గంట అనుకోండి. ఐసు నీళ్లలో నిలబెట్టి తీసుకెళ్లండి, ట్యూబు నేరుగా ఐసుగడ్డకి తగిలి రక్తం ఐసులా గట్టిపడితే కణాలు అక్కడే పగులుతాయి. చిన్న సెంట్రిఫ్యూజ్ అడిగి థియేటర్ పక్కనే పెట్టించుకుంటే సగం తలనొప్పి పోతుంది. లైన్లోంచి మొదటి 5 మిల్లీలీటర్లు వాడకండి, సిరంజిని గట్టిగా లాగకండి. ప్లాస్మాను చిన్న చిన్న వయల్స్‌గా మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించొద్దు.

కిడ్నీ_వైపు: 24 గంటల 1100 చూసి కోలుకున్నారని సంబరపడొద్దు. ప్లాస్మా ఫ్రాప్‌లో దాదాపు 60 శాతం యూరిక్ యాసిడ్‌దే. ఆపరేషన్ తర్వాత కిడ్నీ మందగిస్తే యూరిక్ యాసిడ్ పేరుకుని ఫ్రాప్ పైకి పోతుంది. క్రియాటినిన్, యూరిక్ యాసిడ్ అదే శాంపిల్లో చేయించండి. గ్లూటాథయోన్‌ను ఫ్రాప్ పెద్దగా లెక్కపెట్టదు, కావాలంటే విడిగా కొలవాలి. మత్తుకి ప్రొపోఫాల్ వాడారేమో కూడా రాసుకోండి, అదీ బీహెచ్‌టీలాంటి ఫినాల్ రకం యాంటీఆక్సిడెంటే.