పాత కావ్యాలు చదివితే పదిమందిని నడిపించడం వస్తుందా?

విత్తనాల షెడ్డు (హుజూరాబాద్):

అందరికీ నమస్కారం. హుజూరాబాద్ దగ్గర ఒక వరి విత్తన శుద్ధి కేంద్రంలో పని చేస్తున్నాను. ఈ సీజను నుంచి షిఫ్టు బాధ్యత నాకు అప్పగించారు. గ్రేడింగ్ యంత్రం నడిపే కుర్రాళ్లు, బస్తాలు మోసే హమాలీలు, తాలు గింజలు, వేరే రకం గింజలు ఏరే ఆడవాళ్లు, అందరూ కలిసి ఇరవై మందికి పైనే. ఏరేవాళ్లలో చాలామందిది మా అమ్మ వయసు.

నాయకత్వ శిక్షణ అని కంపెనీ వాళ్లు మమ్మల్ని కరీంనగర్ తీసుకువెళ్లి హోటల్లో కూర్చోబెట్టారు. తెర మీద బాణం గుర్తులు, పిరమిడ్లు, చివర్లో చప్పట్లు. షెడ్డుకు తిరిగి వచ్చాక అందులో ఒక్క ముక్క పనికి రాలేదు. అసలు చిక్కు ఇది. లారీ దిగుతున్నప్పుడే గుప్పిట పట్టి ధాన్యం పచ్చిగా ఉందో ఎండిందో చెప్పగల మనుషులు నా దగ్గర ఉన్నారు. "అంతా బాగానే ఉందా?" అంటే "బాగానే ఉంది మేడమ్" అంటారు. తర్వాత మీటరు పెడితే తేమ 13 శాతం దాటి ఉంటుంది. తెలిసీ చెప్పరు.

మా మామయ్య గారి బీరువాలో కవిత్రయ భారతం, పోతన భాగవతం, పాత అనువాద నవలలు ఉన్నాయి. మనుషులను నడపడం నేర్చుకోవాలంటే ఇవి చదువమ్మా అంటారాయన. మా ఆయన వింటే నవ్వుతారు. నిజంగా ఇలా చదివి ఉద్యోగంలో వాడుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఎక్కడ మొదలు పెట్టాలి? "మంచి నాయకుడికి పది లక్షణాలు" తరహా జవాబులు మాత్రం వద్దు, దయచేసి.

మడికొండ వర్క్‌షాప్:

చెల్లెమ్మా, సూటిగా చెబుతాను, కోపం తెచ్చుకోకు. నా దగ్గర కుర్రాళ్లు వెల్డింగ్ చేస్తారు. శనివారం సాయంత్రానికి కూలి చేతిలో పడాలి. ఎండాకాలం చల్లటి నీళ్లు ఉండాలి. తప్పు చేస్తే నలుగురి ముందు తిట్టకూడదు. ఇంతకు మించి భారతంలో ఏముంటుంది? బడిలో నేర్పిన సుమతీ శతకంలో ఒక ముక్క గుర్తుంది, "తప్పించుక తిరుగువాడు ధన్యుడు" అని. నాకు అది చాలు.

పాత ఓవర్‌మెన్ (గోదావరిఖని):

అమ్మా, నేను సింగరేణిలో భూగర్భ గనిలో షిఫ్టులు నడిపి పదవీ విరమణ చేసినవాడిని. మీ షెడ్డు నేను చూడలేదు కానీ "బాగానే ఉంది" అనే జవాబును మాత్రం ఏళ్ల తరబడి విన్నాను.

మీ మామయ్య గారి మాటలో సగమే నిజం. వీరులను చూసి వాళ్లలా ఉండాలని చదివితే ఏమీ రాదు, పైగా ప్రమాదం. తాము అర్జునులమనుకునే అధికారులు కొందరు నాకు తెలుసు, వాళ్ల కింద పని చేయడం మహా కష్టం. పైన కూర్చున్నవాడు ఎవరి మాట విన్నాడు, ఎవరి మాట పెడచెవిన పెట్టాడు, ఎందుకు పెట్టాడు? ఈ ఒక్కటే వెతుకుతూ చదవండి.

సభాపర్వంతో మొదలు పెట్టండి. మయసభ కట్టడం పూర్తయి ధర్మరాజు కొలువు తీరాడు. నారదుడు వచ్చాడు. రాజ్యం ఎలా ఉందని అడిగి ఊరుకోలేదు. సైనికులకు జీతబత్తెం వేళకు ఇస్తున్నావా, జాప్యం చేయడం లేదు కదా అన్నాడు. నీ కోసం ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల భార్యలను పోషిస్తున్నావా అన్నాడు. రైతుకు విత్తనం, తిండి కరవు కాకుండా చూస్తున్నావా, నూటికి ఒకటి వడ్డీకే అప్పు ఇస్తున్నావా అన్నాడు. రాజ్యంలో తగిన చోట్ల పెద్ద చెరువులు నిండుగా ఉన్నాయా, సేద్యం వాన మీదే ఆధారపడి లేదు కదా అన్నాడు. సంస్కృత మూలంలో ఒక అధ్యాయమంతా ఇదే వరస. చిత్రకూటంలో రాముడు భరతుణ్ణి అడిగే ప్రశ్నలు కూడా ఇలాంటివే. పాఖాల, రామప్ప చెరువుల కింద బతికినవాళ్లకు చెరువుల ప్రశ్న విప్పి చెప్పనక్కర్లేదు. చనిపోయినవాళ్ల భార్యల ప్రశ్నకైతే మా గోదావరిఖనిలో టీకా తాత్పర్యాలు అసలే అక్కర్లేదు.

ఆ అడిగే తీరు చూడండి. ప్రజలు సుఖంగా ఉన్నారా అంటే ఏ రాజైనా ఉన్నారనే అంటాడు. జీతం ఏ రోజు ఇచ్చావంటే దానికి ఒక రోజు పేరు చెప్పి తీరాలి.

గనిలో పని మొదలయ్యే ముందు కప్పును కర్రతో తట్టి చూస్తారు. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిన చోట డొల్లగా పలుకుతుంది. చూడవలసింది భద్రత తనిఖీ చేసే సర్దార్ అయినా, కప్పు కింద ఆసరాలు నిలిపే పాత టింబర్‌మెన్‌కు ఆ తేడా నిద్రలో కూడా తెలుస్తుంది. "కప్పు బాగుందా?" అంటే మాత్రం "బాగుంది సార్" అనేవాళ్లు. బాగా లేదంటే పని ఆగుతుంది, బొగ్గు తగ్గుతుంది, పైవాళ్ల చిరాకు ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లకు తెలుసు. నారదుడి అధ్యాయం చదివాక నేను అడిగే పద్ధతి మార్చాను. ఎడమ పక్క మలుపులో ఎవరు తట్టారు? ఎలా పలికింది? నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి? ఇలా అడిగితే "బాగుంది సార్" అనడం కుదరదు. తేడా ఉందని చెప్పినవాడి పేరు పైకి పోనిచ్చేవాడిని కాదు, పని ఆపించింది నేనేనని పుస్తకంలో రాసేవాడిని. ఈ రెండోది చేయకపోతే మొదటిది వారం కూడా నిలవదు.

తర్వాత ఉద్యోగపర్వం. సంజయుడు పాండవుల దగ్గర నుంచి తిరిగి వచ్చి, సందేశం రేపు సభలో చెబుతానని వెళ్లిపోతాడు. ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టదు. విదురుణ్ణి పిలిపించి రాత్రంతా నీతి చెప్పించుకుంటాడు. శ్రద్ధగా వింటాడు, ఇంకా చెప్పమంటాడు, నువ్వన్నదే సరి అంటాడు. చివరికి ఏమంటాడో చూడండి: నా బుద్ధి పాండవుల వైపే మొగ్గుతుంది, దుర్యోధనుడు దగ్గరికి రాగానే మళ్లీ తిరిగిపోతుంది. ఇంత ఓపికగా వినే పెద్దమనిషి దొరకడం అరుదు. విన్నందువల్ల ఒరిగిందేమీ లేదు. మీటింగులు పెట్టి అందరి అభిప్రాయాలూ రాసుకుని ఫైలులో పెట్టేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

వర్క్‌షాప్ తమ్ముడికి ఒక మాట. ఆ పద్యం కొలువులో నెట్టుకు రావలసినవాడికి మంచి సలహా. పదిమందికి పైన ఉన్నవాడు తప్పించుకు తిరిగితే కప్పు కింద ఉన్నవాళ్ల మీద పడుతుంది.

తెలుగు టీచర్ (హనుమకొండ):

ఓవర్‌మెన్ గారి మాటకు కొంత కలుపుతాను, కొంత తగవు పెట్టుకుంటాను.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ మార్చ్ అనే ఆచార్యుడు నాయకత్వ పాఠాన్ని ఒథెల్లో, సెయింట్ జోన్, యుద్ధము-శాంతి, డాన్ క్విక్సోట్ పెట్టుకుని చెప్పేవారు. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా విజయగాథ కాదు. ఒథెల్లో చెప్పుడు మాటలు నమ్మి భార్యను చంపుతాడు, క్విక్సోట్ గాలిమరల మీదికి దూకుతాడు. కాబట్టి ఇది మన పల్లెటూరి పిచ్చి కాదని మీ ఆయనకు చెప్పండి.

టాల్‌స్టాయ్ నవల యుద్ధము-శాంతిలో నాకు ఇష్టమైనది ఫిలీ గ్రామంలో జరిగే సమాలోచన. 1812లో నెపోలియన్‌తో బొరొదినో యుద్ధం తర్వాత మాస్కోను కాపాడాలా వదలాలా అని రష్యా సేనానులు ఒక రైతు గుడిసెలో కూర్చుంటారు. పొయ్యి అరుగు మీద మలాషా అనే ఆరేళ్ల పిల్ల కూర్చుని చూస్తుంటుంది. వ్యూహాలు ఆ పిల్లకు అర్థం కావు. తాను తాత అనుకునే ప్రధాన సేనాని కుతుజోవ్‌తో పొడుగు కోటు సేనాని బెన్నిగ్సెన్ తగువు పడుతున్నాడని మాత్రం తెలుసు, ఆమె తాత పక్షం. మాస్కోను వదలకూడదని గంభీరంగా పలకడం ఎవరికైనా సులువే. సైన్యం మిగలాలంటే వదలాలి, ఆ నింద తన నెత్తిన వేసుకోవాలి. కుతుజోవ్ వదలమంటాడు. ఆ గుడిసెను చూసిన కళ్లతో ఏ సమావేశంలోనైనా కాసేపు కూర్చోండి, ఎవరు దేనికి అరుస్తున్నారో తేటపడుతుంది. నవల మాత్రం చాలా పెద్దది, సీజను మధ్యలో మొదలు పెట్టకండి.

ఇక తగవు. మాట వినని నాయకులందరినీ ఒక గాటన కట్టకూడదు. మన జనగామ జిల్లా బమ్మెర పోతన వామన చరిత్ర చూడండి. వచ్చినవాడు విష్ణువు, ఇస్తే సర్వం పోతుందని శుక్రాచార్యుడు బలికి ఉన్నదున్నట్టు చెప్పాడు. బలి ఆ మాటను కాదనలేదు. "కారే రాజులు రాజ్యముల్ గలుగవే" అని మొదలు పెట్టి, వాళ్లంతా సిరి మూటగట్టుకుని పోగలిగారా అని అడిగి, ఇచ్చాడు. ధృతరాష్ట్రుడు కూడా సలహా వినలేదు. కానీ బలి తన నిర్ణయానికి మూల్యం తన నెత్తితో తాను చెల్లించాడు, ధృతరాష్ట్రుడి నిర్ణయానికి కురుక్షేత్రంలో ఊళ్లకు ఊళ్లు చెల్లించాయి. నేనైతే ఆ లెక్కే చూస్తాను.

పుస్తకాలు కొనవలసిన పని కూడా లేదు. హనుమకొండ వచ్చినప్పుడు 1904 నాటి రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయంలో ఒకసారి అడగండి.

మడికొండ వర్క్‌షాప్:

అందరూ పెద్దవాళ్లే, నమస్కారం. నాకో సందేహం. నారదుడు అన్ని ప్రశ్నలు అడిగాడు, ధర్మరాజు బుద్ధిగా విన్నాడు. అదే సభాపర్వం చివర్లో కూర్చుని జూదమాడి తమ్ముళ్లనూ భార్యనూ పోగొట్టుకున్నాడు కదా. ప్రశ్నలు ఏం నేర్పినట్టు?

పాత ఓవర్‌మెన్ (గోదావరిఖని):

తమ్ముడూ, పొద్దున్నే నవ్వించావు. ఇంకా గట్టి సంగతి చెబుతాను. నారదుడి పట్టికలో జూదం కూడా ఉంది. తాగుడు మీద, జూదం మీద నీకయ్యే ఖర్చును నౌకర్లు పొద్దున పూట నీకు విన్నవించడం లేదు కదా అని అడుగుతాడు. చెప్పినట్టే చేస్తానంటాడు ధర్మరాజు. పట్టిక చేతిలో ఉన్నా మనిషి జారతాడని ఆ పర్వంలోనే ఉంది, అందుకే దాన్ని నమ్ముతాను. శిక్షణ తరగతి వాళ్లయితే నారదుడు లేచి వెళ్లిపోగానే చప్పట్లు కొట్టి ముగించేవాళ్లు.

ఆ జూదపు సభ కూడా చదవండమ్మా. తనను ముందు ఓడాడా, నన్ను ముందు ఓడాడా అని ద్రౌపది అడిగితే భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. ఆమె వైపు తీర్పు చెప్పింది దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు. చిన్నవాడివి, నీకేం తెలుసని కర్ణుడు నోరు మూయించాడు.

విత్తనాల షెడ్డు (హుజూరాబాద్):

అందరికీ కృతజ్ఞతలు. ఓవర్‌మెన్ గారు చెప్పినట్టు అడిగి చూశాను. లారీలో ఏ వరస బస్తాలు చేతికి చల్లగా తగిలాయని ఏరే వాళ్లలో అందరికంటే పెద్దామెను పక్కకు పిలిచి అడిగాను. ఆమె వరసలు చూపించింది, మీటరు పెడితే అవే. తర్వాత నన్నే ఒక ప్రశ్న అడిగింది: "బిడ్డా, పచ్చిగా ఉందని చెబితే లారీ వెనక్కి పోతుంది. ఆ రోజు మాకు ఏరే పని ఉండదు. కూలి ఎవరిస్తారు?" ఇన్నాళ్లూ వాళ్లు ఎందుకు చెప్పలేదో అప్పుడు తెలిసింది. లారీ వెనక్కి పోయిన రోజు కూడా కూలి ఇవ్వాలని పైవాళ్లను అడిగితే, చూద్దాం అన్నారు. పైవాళ్లను ఒప్పించే ఘట్టం ఏదైనా ఉందా?

మడికొండ వర్క్‌షాప్:

కూలి సంగతి నేను మొదటి రోజే చెప్పాను.

పాత ఓవర్‌మెన్ (గోదావరిఖని):

చెప్పావు తమ్ముడూ, నారదుడు కూడా చెప్పాడు.

అమ్మా, ఉద్యోగపర్వంలో కృష్ణ రాయబారం తీయండి. దుర్యోధనుడు వినడని కృష్ణుడికి ముందే తెలుసు, విదురుడితో ఆ మాట అంటాడు కూడా. ఆపగలిగి ఉండీ ప్రయత్నించలేదని రేపు ఎవరూ అనకూడదని వెళ్లాడు. చెప్పవలసింది నిండు సభలో, అందరి చెవిన పడేలా చెప్పాడు. మీరు కూడా గది తలుపు వేసుకుని అడగకండి, కాగితం మీద పెట్టండి. ఒక పూట కూలి మొత్తం ఎంత అవుతుందో ఒక పక్క రాయండి. పచ్చి ధాన్యం గోదాములో చేరి, ఆ లాటు మొలక 80 శాతం కంటే కిందికి పడిపోయి విత్తనంగా పనికి రాకపోతే ఎంత పోతుందో ఇంకో పక్క రాయండి. పెద్దామె పేరు మాత్రం రాయకండి. ఒక నకలు నాణ్యత విభాగానికి కూడా ఇవ్వండి.