రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్: తిరగరాతా, ఎదురురాతా?

మొదటి పోస్టు (కోనసీమలో జువాలజీ చెప్పేవాడిని)

అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకి తెలుగులో నోట్సు రాస్తూ ఒక మాట దగ్గర ఇరుక్కున్నాను. డీఎన్‌ఏ చూసి ఆర్‌ఎన్‌ఏ తయారవడాన్ని అనులేఖనం అంటాం, దానితో పేచీ లేదు. రెట్రోవైరస్‌లు మాత్రం తమ ఆర్‌ఎన్‌ఏ చూసి డీఎన్‌ఏ తయారుచేస్తాయి. ఇంగ్లీషులో రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్. కరోనా రోజుల్లో ఊరూరా ఆర్టీపీసీఆర్ అన్నాం కదా, అందులో ఆర్టీ ఇదే. (రియల్ టైమ్ అనుకున్నవాళ్లే ఎక్కువ. ఆ టెస్టు రియల్ టైమ్ పద్ధతిలోనే చేస్తుండడంతో ఆ పొరపాటు ఇంకా గట్టిపడింది.)

ఇన్నాళ్లూ "విలోమ అనులేఖనం" అని రాసుకొస్తున్నాను. మొన్న స్లిప్ టెస్టులో ఏ యు జి జి సి అనే ఆర్‌ఎన్‌ఏ ముక్క ఇచ్చి, దాని డీఎన్‌ఏ రాయమన్నాను. సగం మంది సి జి జి యు ఏ అని తిప్పి రాసి ఇచ్చారు. "విలోమం అంటే వెనకనుంచి రాయడమే కదా సార్" అంది ఒకమ్మాయి. ఆ పిల్లని ఏమనగలను? మాట అలా ఉంది మరి. జరిగేది వేరు. ఏ ఎదురుగా టి, యు ఎదురుగా ఏ, జి ఎదురుగా సి, సి ఎదురుగా జి వచ్చి కూర్చుంటాయి. రెండు పోగులూ (అంటే అక్షరాల గొలుసులు) ఒకదానికొకటి తలకిందులుగా జతపడతాయి కాబట్టి, కొత్త పోగుని దాని మొదటి కొస నుంచి చదివితే జి సి సి ఏ టి వస్తుంది.

అచ్చతెలుగులో "తిరగరాత" అందామా? పెద్దలు చెప్పాలి.

జవాబు (రిటైరైన తెలుగు మాస్టారు, రాజోలు వైపు)

తిరగరాత వద్దు బాబూ. రికార్డులు తిరగరాస్తారు, చరిత్ర తిరగరాస్తారు. అంటే ఉన్నది చెరిపి మళ్లీ రాయడం. నువ్వు చెప్పేదానిలో చెరపడం లేదు కదా.

విలోమంలో ఉన్నది లోమం, అంటే వెంట్రుక. పిల్లి వీపు మీద తలనుంచి తోకవైపు నిమిరితే అనులోమం, తోకనుంచి తలవైపు నిమిరితే విలోమం. అందుకే ఆ మాట వినగానే మనసు వెనకనుంచి ముందుకి పోతుంది. మీ పిల్లలు మాటని సరిగ్గానే అర్థం చేసుకున్నారు.

నీకు కావలసింది "ప్రతీపం" అనుకుంటాను. ప్రతి, అప్. అప్ అంటే నీరు. నీటికి ఎదురు అని దాని పుట్టుక. శంతనుడి తండ్రి పేరు ప్రతీపుడు. మనకి ప్రతీపాలంకారం కూడా ఉంది. ముఖాన్ని చంద్రుడితో పోల్చడం మామూలు; చంద్రుణ్ణి పట్టుకుని నీ ముఖంలా ఉన్నాడు అంటే ప్రతీపం. పోలిక నడిచే దారి ఎదురు తిరిగింది గాని వాక్యాన్ని ఎవరూ వెనకనుంచి చదవరు.

మొదటి పోస్టు పెట్టినవాడిని

మాస్టారూ, పిల్లి వీపు రేపే క్లాసులో వాడేస్తాను. కానీ "ప్రతీపలేఖనం" అంటే మా పిల్లలు ప్రదీప్ ఎవరు సార్ అంటారు. నీటికి ఎదురు అన్నారు చూడండి, అక్కడ నాకు మాట దొరికింది. ఎదురురాత.

మనవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఎర్రనీరు రాగానే పులస సముద్రం వదిలి గోదాట్లో పడి ఎదురీదుతుంది. ఎదురీదుతోంది కదా అని తోక ముందుకి పెట్టి ఈదదు. తల ముందే, ఈత మామూలు ఈతే, ఏరు మాత్రం ఎదురు. ఈ ఎదురురాత రాసే ఎంజైమ్ కూడా అంతే. అక్షరాలు కూర్చి పోగు అల్లే ఎంజైమ్‌లని పాలిమరేజ్‌లు అంటారు. మిగతా పాలిమరేజ్‌లన్నీ పోగుని ఏ కొసనుంచి ఏ కొసకి పెంచుతాయో ఇదీ అలాగే పెంచుతుంది. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏకి వచ్చే సమాచారం ఇక్కడ ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏకి పోతుంది. ఎదురన్నది ఆ ఒక్కచోటే.

అసలు రివర్స్ అన్న మాట దీన్ని కనిపెట్టినవాళ్లు పెట్టింది కాదు. 1970లో హోవార్డ్ టెమిన్, సతోషి మిజుతాని ఒకచోట, డేవిడ్ బాల్టిమోర్ ఇంకోచోట విడివిడిగా పట్టుకున్నారు. వాళ్ల వ్యాసాల శీర్షికల్లో ఉన్నది "ఆర్‌ఎన్‌ఏ మీద ఆధారపడే డీఎన్‌ఏ పాలిమరేజ్" అని. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అన్న ముద్దుపేరు తర్వాత అతుక్కుంది. 1975లో టెమిన్‌కీ బాల్టిమోర్‌కీ, రెనాటో డుల్‌బెకోతో కలిపి నోబెల్ ఇచ్చారు. 1964లోనే టెమిన్ ఈ సంగతి ఊహించి చెబితే నమ్మినవాళ్లు తక్కువ. కోళ్లలో కంతులు పుట్టించే ఆర్‌ఎన్‌ఏ వైరస్, డీఎన్‌ఏ నుంచి జరిగే రాతని ఆపే మందు వేస్తే ఎందుకు ఆగిపోతోంది అన్నది ఆయన్ని పట్టిన ప్రశ్న.

1970 ప్రయోగం నాకు భలే ఇష్టం. శుద్ధిచేసిన వైరస్ రేణువుల్ని కొద్దిగా డిటర్జెంట్ వేసి తెరిచారు. కణం లేదు, కోడి లేదు, ఎలుక లేదు, ఉత్త వైరస్. డీఎన్‌ఏకి కావలసిన నాలుగు ముడిసరుకులూ పోశారు. అందులో టి అక్షరానికి మాత్రం ట్రిటియం తగిలించారు, రేడియోధార్మికత ఉన్న హైడ్రోజన్ అన్నమాట. కాసేపు వెచ్చగా ఉంచి ఆసిడ్ పోస్తే, విడి అక్షరాలు నీళ్లలోనే ఉండిపోయి, పోగుగా అల్లుకున్నవి అడుక్కి దిగాయి. ఆ అడుగుని లెక్కపెడితే రేడియోధార్మికత ఉంది. ముందుగా ఆర్‌ఎన్‌ఏని తినేసే ఎంజైమ్ వేసి మళ్లీ చేస్తే లెక్క పడిపోయింది. అంటే డీఎన్‌ఏకి మాతృక ఆ ఆర్‌ఎన్‌ఏనే.

జవాబు (దస్తావేజులు రాసేవాణ్ణి, అమలాపురం)

మా భాషలో చెప్పుకోవచ్చాండి? డీఎన్‌ఏ అసలు, ఆర్‌ఎన్‌ఏ నకలు. నకలు చూసి అసలు పుట్టించడం మా దగ్గరైతే కేసు అవుద్ది.

మొదటి పోస్టు పెట్టినవాడిని

ఆయ్, వైరస్ చేసేది అక్షరాలా అదేనండి. పైగా ఆ దొంగ అసలుని తీసుకెళ్లి కణం డీఎన్‌ఏలోనే అతికిస్తుంది, రిజిస్టరు మధ్యలో కాగితం కుట్టేసినట్టు. ఆ తర్వాత నకళ్లు అడిగితే ఆఫీసే తీసి ఇస్తుంది. ఇంకోటి, ఈ రాతగాడు రాసింది సరిచూసుకోడు. హెచ్‌ఐవీ అంత తొందరగా రూపం మార్చుకోవడానికి అదొక పెద్ద కారణం.

జవాబు (రొయ్యల ల్యాబ్‌లో పనిచేస్తాను, భీమవరం దగ్గర)

సార్, మా దగ్గర తెలుగు మాట ఎవరూ అడగరు. "సీడ్ పీసీఆర్ చేయించావా" అంటారు రైతులు. సీడ్ అంటే రొయ్య పిల్లలు, పీసీఆర్ అంటే డీఎన్‌ఏ ముక్కని బోలెడు కాపీలు చేసి పట్టుకునే టెస్టు. తెల్లమచ్చ వైరస్ డీఎన్‌ఏదే కాబట్టి దానికి ఈ మెట్టు అక్కర్లేదు. ఎల్లో హెడ్, టౌరా లాంటివి ఆర్‌ఎన్‌ఏవి. వాటికి ముందు ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏ చేసుకోకపోతే పీసీఆర్‌కి ఏమీ కనబడదు. చాలా కిట్లలో ఆ పనికి వేసేది ఎలుకల లుకేమియా వైరస్ నుంచి వచ్చిన ఎంజైమే, ఇప్పుడు బ్యాక్టీరియాలో పెంచి తీస్తారు. ట్యూబులు ఐసులో పెట్టి, గ్లౌజులు వేసుకుని కలుపుతాం. ఎందుకంటే ఉత్తచేత్తో ముట్టుకుంటే మన చర్మం మీది ఎంజైమ్‌లే ఆర్‌ఎన్‌ఏని తినేస్తాయి. ఆ తర్వాత 42 డిగ్రీల దగ్గర కాసేపు, ఆపడానికి 85 దాకా. మా ఎంజైమ్ రొయ్య వైరస్‌ది కాదు, రెట్రోవైరస్‌ది. అరువు పనిముట్టు.

ఒక డౌటు. కొత్త పోగు మొదలవడానికి ఆసరా ఇచ్చే చిన్న ముక్కైన ప్రైమర్‌ని మేము ఒక్కోసారి ఆర్‌ఎన్‌ఏ తోక దగ్గర అతికిస్తాం. అంటే తోకనుంచి తలకి రాస్తున్నట్టే కదా? మీ పులస అక్కడ తోక ముందుకి పెట్టినట్టేగా?

మొదటి పోస్టు పెట్టినవాడిని

మంచి పాయింటే. కానీ ఎదురుగా ఉన్న పోగుని తోకనుంచి చదవడం అన్ని పాలిమరేజ్‌ల అలవాటు, మామూలు అనులేఖనంలో కూడా అంతే. ఇదొక్కదానికే ఉన్న గుణమైతే మీ మాట ఒప్పుకునేవాణ్ణి.

రెట్రోవైరస్ సొంతంగా చేసుకునేటప్పుడు ఇంకో తమాషా. దాని ప్రైమర్ కణం దగ్గర కొట్టేసిన, ప్రొటీన్‌కి ముడిసరుకు మోసే చిన్న ఆర్‌ఎన్‌ఏ, అంటే ఒక టీఆర్‌ఎన్‌ఏ. అది తోక దగ్గర కాకుండా తలకి దగ్గర్లో అతుక్కుంటుంది. దాంతో హెచ్‌ఐవీలో సుమారు 180 అక్షరాలు రాసేసరికి కాగితం అయిపోతుంది. అప్పుడు రాసినంతమేరా ఆర్‌ఎన్‌ఏని ఎంజైమే కోసేసి, కొత్త ముక్కని అవతలి కొసకి చేరుస్తుంది. రెండు కొసల్లోనూ ఒకే అక్షరాల వరుస ఉంటుంది కాబట్టి అక్కడ అతుకుతుంది. ఈ రేవులో పంటు ఎక్కి ఆ రేవులో దిగి మళ్లీ నడక మొదలుపెట్టినట్టు. ఇలాంటి దాటు రెండో పోగు రాసేటప్పుడు ఇంకోటి ఉంది. ఇవన్నీ అయ్యేసరికి డీఎన్‌ఏ రెండు కొసలూ ఒకేలా తయారవుతాయి.

జవాబు (తెలుగు మాస్టారు)

ఎదురురాత బాగుంది. ఒక్క ఇబ్బంది. రాత అనగానే మనకి తలరాత గుర్తొస్తుంది. ఎదురురాత అంటే కాలం కలిసిరాకపోవడం అనుకోరూ? కణం డీఎన్‌ఏలో అతుక్కుని కూర్చుంటుంది అన్నావు కాబట్టి ఆ ధ్వని మరీ అపార్థం కాదులే. రాసేటప్పుడు ఎదురీతలా కలిపెయ్యకు. ఎదురు తర్వాత ఈత ఉంటే అచ్చు వచ్చింది కనక సంధి. రాతలో హల్లు ఉంది. నోట్లో ఎదుర్రాత అయినా కాగితం మీద ఎదురురాత అనే ఉంచు.

మొదటి పోస్టు పెట్టినవాడిని (వారం తర్వాత)

అదే ముక్క ఇచ్చి మళ్లీ టెస్టు పెట్టాను. ఈసారి నోట్సులో ఎదురురాత అని రాసి, కింద పులస బొమ్మ గీశాను. తిప్పి రాసినవాళ్లు ఇద్దరే. కానీ ఐదుగురు జి సి సి ఏ యు అని రాశారు. దారి సరిగ్గానే పట్టారు, డీఎన్‌ఏలో యు ఉండదని, దాని చోట టి వస్తుందని మర్చిపోయారు. ఆ అమ్మాయి మాత్రం జి సి సి ఏ టి అని రాసి, పక్కన చిన్నగా ఒక చేపని గీసింది. తోక ఎటు, తల ఎటు అన్నది తేలలేదు.