అప్‌డేట్: గుట్ట మీద రేడియోకి ఎర్త్ రాడ్ సంగతి
పోయిన నెల అడిగాను కదా, అనంతగిరి గుట్ట మీద రాయి తగిలి ఎర్త్ రాడ్ జానెడు కూడా దిగట్లేదు, హామ్ రేడియోలో (సరదాకి మాట్లాడుకునే రేడియో) 7 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుతుంటే మైక్ పెదవికి చురుక్కుమంటోంది, ఏం చేయాలని. మీరు చెప్పినట్టే రాడ్ పక్కన పడేసి, 10 మీటర్ల వైర్లు నాలుగు కోసి ట్యూనర్ (రేడియోని యాంటెన్నాకి సరిపెట్టే పెట్టె) ఎర్త్ స్క్రూకి బిగించి, గడ్డి మీద నాలుగు దిక్కులా పరిచాను. చురుకు దాదాపు పోయింది! యాంటెన్నాకి సిగ్నల్ తీసుకెళ్ళే కోయాక్స్ కేబుల్‌ని ఫెర్రైట్ (అయస్కాంత పదార్థం) రింగులో ఏడెనిమిది చుట్లు తిప్పాక ఆ మిగిలింది కూడా లేదు. అసలు 12 వోల్టుల బ్యాటరీ సెట్‌కి షాక్ భయంతో రాడ్ అక్కర్లేదు, యాంటెన్నాకి కావాల్సింది రెండో సగం, ఆ పని ఈ వైర్లే చేస్తాయి. ఇంట్లో కరెంటు ఎర్త్‌తో కలిపేసి ఆలోచించి బుర్ర పాడుచేసుకున్నా. ఒక మేక మాత్రం వైర్లో కాలు పెట్టి ట్యూనర్‌ని బల్ల మీంచి లాగేసింది, అందుకే ఇప్పుడు టెంటు మేకులతో నొక్కిపెడుతున్నా. ఉరుము వినబడితే మాత్రం అన్నీ వదిలేసి కారెక్కడమే.