బోధనా పోర్ట్‌ఫోలియో: ఆత్మపరిశీలనకా, తనిఖీకా?

కొత్తపంతులు:
నేను ఇటీవల చేరిన విద్యాసంస్థలో ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాది చివర బోధనా పోర్ట్‌ఫోలియో సమర్పించాలట. పాఠ్య పథకాలు, పిల్లల జవాబు పత్రాల నమూనాలు, తరగతి చూసిన సహోద్యోగి అభిప్రాయం, వీటన్నిటి మీద మన సొంత వ్యాఖ్య అందులో ఉండాలి. మన బోధనను మనం తరచి చూసుకోవడానికి ఇది నిజంగా ఉపకరిస్తుందా, లేక బీరువాలో చేరే మరో దస్త్రమేనా? అనుభవమున్నవారు చెప్పగలరు.

సుద్దముక్క:
తప్పకుండా ఉపకరిస్తుంది. భిన్నాల సంకలనం చెప్పేటప్పుడు నేను ఒక వృత్తాన్ని రెండు భాగాలు చేసి ఒకదానికి, పక్కనే మరో వృత్తాన్ని మూడు భాగాలు చేసి ఒకదానికి రంగు వేసి చూపించేవాణ్ణి. తరగతి అంతా తలలూపేది. పరీక్షలో మాత్రం చాలామంది 1/2 + 1/3 = 2/5 అని రాసేవారు. శ్రద్ధ లేదని విసుక్కునేవాణ్ణి. ఆ జవాబు పత్రాలను పాఠ్య పథకం పక్కన పెట్టి వ్యాఖ్య రాయడానికి కూర్చున్నప్పుడు గానీ సంగతి బోధపడలేదు: నా బొమ్మలో మొత్తం ముక్కలు ఐదు, రంగు వేసినవి రెండు. పిల్లలు నేను గీసినదాన్నే చదివారు. ఇప్పుడు ఒకే పట్టీని ఆరు సమభాగాలు చేసి చెబుతున్నాను. పని చేస్తూ ఆలోచించడం ఒకటి, చేశాక వెనుదిరిగి ఆలోచించడం మరొకటి అని, వృత్తి నిపుణులు ఎలా ఆలోచిస్తారో పరిశీలించిన డోనాల్డ్ షోన్ 1983లో వివరించారు. ఆ రెండోదానికి కాగితం మీద ఆధారం కావాలి, జ్ఞాపకం చాలదు.

వెనకబెంచీ:
నాకు తెలిసిన ఒక చోట పాత దస్త్రానికే తేదీలు మార్చి సమర్పించినవారికి ప్రశంసాపత్రం వచ్చింది.

ఎర్రసిరా:
సుద్దముక్క గారూ, మీ ఉదాహరణ బాగుంది గానీ పోర్ట్‌ఫోలియో అందుకోసం పుట్టలేదు. కెనడా విశ్వవిద్యాలయ అధ్యాపకుల సంఘం దీని తొలిరూపమైన బోధనా దస్త్రాన్ని ప్రచారంలోకి తెచ్చినప్పుడు, విద్యార్థుల రేటింగుల మీదే ఆధారపడకుండా పదోన్నతులలో బోధనకూ తగిన విలువ దక్కాలన్నది ప్రధానోద్దేశం. అంటే అది మొదటినుంచీ మరొకరికి చూపించుకునే కాగితమే. చూపించుకునే కాగితంలో ఎవరైనా తమ లోపాన్ని నిజాయితీగా రాస్తారా?

కసాగు:
అసలు చర్చలోకి రాను గానీ, వృత్తం మీద నింద వేయడం సరికాదు. రెండు వృత్తాలనూ ఆరేసి భాగాలు చేసి ఉంటే 3/6 + 2/6 = 5/6 అని అక్కడే తేలిపోయేది.

సుద్దముక్క:
కసాగు గారూ, అప్పుడు రెండింటిలో కలిపి ముక్కలు పన్నెండు అవుతాయి. పిల్లలు 5/12 అని రాస్తారు.

ఎర్రసిరా గారూ, పోర్ట్‌ఫోలియోకు అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ ఇచ్చిన నిర్వచనం ఒకసారి గుర్తు చేసుకోండి. విద్యార్థుల పనికి సంబంధించిన నమూనాలు ఉన్నంత మాత్రాన పోర్ట్‌ఫోలియో పూర్తి కాదు, వాటి మీద రాసుకున్న ఆలోచన, సహోద్యోగులతో సంభాషణ తోడైనప్పుడే అది సార్థకమవుతుందని ఆయన అన్నారు.

కసాగు:
ఒక్క వృత్తంలోనే రెండు భిన్నాలకూ రంగు వేయవచ్చు. రెండోది గీయమన్నదెవరు?

ఎర్రసిరా:
అదే షుల్మన్ పోర్ట్‌ఫోలియో వల్ల కలిగే ప్రమాదాలను కూడా వరుసగా చెప్పారు. లామినేషన్ చేసిన ప్రదర్శన వస్తువుగా మారిపోవడం, విపరీతమైన చాకిరీ, అల్పవిషయాలతో నింపడం, అప్పుడప్పుడు మాత్రమే జరిగే గొప్ప పాఠాన్ని రోజూ జరిగేదన్నట్లు చూపడం వాటిలో ఉన్నాయి. నిర్వచనం మాత్రం తీసుకుని హెచ్చరికను వదిలేయడం మీకు అలవాటైనట్లుంది.

సుద్దముక్క:
అలవాట్ల మాట మీరే ఎత్తారు కనుక చెబుతున్నాను. ఈ వేదికలో తరగతి గది తలుపు తెరవమని ఎవరు అడిగినా మీరు అడ్డుపడుతూనే ఉన్నారు. దాచుకోవలసినది లేనివారికి ఇంత భయం దేనికి?

ఎర్రసిరా:
దేనికో వినండి. నేను మునుపు పనిచేసిన చోట, ఫలానా పాఠాన్ని ఉపన్యాసంలా కాకుండా చర్చగా నడపబోయి అదుపు తప్పానని, చర్చకు ముందు ప్రశ్నలు రాసి ఇవ్వకపోవడమే కారణమనుకుంటున్నానని పోర్ట్‌ఫోలియోలో వివరంగా రాశాను. పదోన్నతి సమీక్షలో ఆ పేరాను బయటికి చదివి, తరగతిని అదుపు చేయలేనని నేనే ఒప్పుకున్నట్లు నిర్ధారించారు. అదే ఏడాది ఫొటోలు, ధన్యవాద లేఖలు అంటించిన సహోద్యోగికి ఏ ఇబ్బందీ రాలేదు. ఆ తర్వాత నేను నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను, ఎవరికీ ఇవ్వడం లేదు. రాయడానికి నేనెన్నడూ వ్యతిరేకిని కాను.

వెనకబెంచీ:
ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే సగం తగవు తప్పేది.

సుద్దముక్క:
మీకు జరిగినది అన్యాయమే, అందులో నాకు సందేహం లేదు. అయినా మన తేడా అక్కడ తీరిపోలేదు. నా బొమ్మ వల్ల ఏళ్ల తరబడి పిల్లలు మార్కులు పోగొట్టుకున్నారు, తిట్లూ తిన్నారు. ఆ సంగతి నా నోటుపుస్తకంలోనే ఉండిపోతే పక్క తరగతిలో మరొకరు అదే బొమ్మ గీస్తూనే ఉంటారు. మూల్యాంకనం చేసేవారికి ఇవ్వవద్దంటే ఒప్పుకుంటాను. ఎవరికీ ఇవ్వనంటే మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే దాని వెల కట్టినది మనం కాదు, పిల్లలు.

కొత్తపంతులు:
అయితే రెండు కట్టలు పెట్టుకుంటే సరిపోతుందా? కార్యాలయానికి ఎంపిక చేసిన నమూనాలు, సహోద్యోగులతో చర్చించడానికి అసలు వ్యాఖ్యలు.

ఎర్రసిరా:
రెండో కట్ట ఎవరు చదవాలో నేను నిర్ణయించగలిగితే నాకు సమ్మతమే. యాజమాన్యం నియమించిన మార్గదర్శకుడైతే మాత్రం ఇవ్వను.

సుద్దముక్క:
మీరు ఎంచుకునేవారు మీతో ఎప్పుడూ ఏకీభవించేవారే అయితే ఆ వృత్తాల సంగతి మీకు చెప్పేదెవరు?

ఎర్రసిరా:
మీకు చెప్పినది జవాబు పత్రాలే గదా, మార్గదర్శకుడు కాదు.