గాలిలో పాకే బర్డ్ ఫ్లూ: ఆ పరిశోధన బయటపెట్టడం సరైనదేనా?

పాలమూరు మైక్రో:
2011లో రాటర్‌డామ్‌లో రాన్ ఫౌషియే, విస్కాన్సిన్‌లో యోషిహిరో కవఓకా బృందాలు హెచ్5 రకం బర్డ్ ఫ్లూ వైరస్‌లను మార్చి, ముంగిసలా ఉండే ఫెర్రెట్ల మధ్య గాలి ద్వారా సోకేలా చేశాయి. ఎవరైనా దుర్వినియోగం చేస్తారేమోనని అమెరికా జీవభద్రతా సలహా మండలి ముందు వివరాలు దాచమంది. 2012లో మాట మార్చుకుంది, రెండు పేపర్లూ అచ్చయ్యాయి. బయటపెట్టడమే మంచిదంటాను. ఏ మార్పు ప్రమాదమో తెలిస్తేనే కోళ్లలో అది కనబడగానే పసిగడతాం.

చౌటుప్పల్ రైతు:
తమ్మీ, బయటపెట్టుడు తర్వాత, అసలు చేసుడెందుకు? 2025 ఫిబ్రవరిల గోదావరి జిల్లాలల్ల బర్డ్ ఫ్లూ అనంగనే ఇక్కడ చికెన్ అడిగేటోడు లేకుండ పోయిండు. నా షెడ్ల ఒక్క కోడికి రోగం లేదు. అయినా కంపెనోళ్లు బ్యాచ్ ఎత్తలే. కరెంటు బిల్లు, కూలి అన్నీ నా మీదనే పడ్డయి.

దేవరకొండ శీను:
అన్నీ బంద్ పెడితే టీకాలెవరు చేస్తరు?

పాలమూరు మైక్రో:
అన్నా, గోదావరి జిల్లాల్లో వచ్చింది ల్యాబ్ వైరస్ కాదు. పైగా రాటర్‌డామ్‌లో గాలి ద్వారా సోకిన ఫెర్రెట్లు చావలేదు.

చౌటుప్పల్ రైతు:
చావకుంటే భయం లేనట్టేనా? 1978ల బర్మింగ్‌హామ్ ల్యాబ్‌ల ఉన్న మశూచి సోకి జానెట్ పార్కర్ చచ్చిపోయింది. ఆమె పరిశోధకురాలు గూడ కాదు, పై అంతస్తుల ఫొటోలు తీసే ఉద్యోగి.

పాలమూరు మైక్రో:
మళ్లీ చెప్తున్నా, గాలి ద్వారా సోకిన ఫెర్రెట్లు చావలేదు! మీ బ్యాచ్ నష్టపోయిందని సైన్సంతా ఆపాలా? అనుమతి కోసం తిరిగి తిరిగి మా గైడ్ ప్రాజెక్టే వదిలేశారు, నా పీహెచ్‌డీ వెనకబడింది. మన దేశంలో 1989 నియమాల ప్రకారం జన్యువులు మార్చే పరిశోధన చేసే ప్రతి సంస్థలో జీవభద్రతా కమిటీ ఉంది, దానిపైన ఇలాంటి పరిశోధనల్ని పరిశీలించే కేంద్ర కమిటీ ఆర్‌సీజీఎం ఉంది. ఇంకెన్ని తాళాలు వేస్తారు?

చౌటుప్పల్ రైతు:
ఆ సంస్థ కమిటీల ఎవరుంటరు?

పాలమూరు మైక్రో:
సంస్థ అధిపతి, శాస్త్రవేత్తలు, ఒక డాక్టర్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) ప్రతినిధి.

చౌటుప్పల్ రైతు:
అగో, నా కడుపుమంట అదే. నా ఊర్ల రోగం తేలితే కిలోమీటర్ లోపల కోళ్లన్నీ చంపి పూడ్చిపెడ్తరు. తప్పు ఎక్కడ జరిగినా నష్టం నాది. ఆ పరిశోధనకు ఒప్పుకోవాల్నా వద్దా అనే కాడ నాకు జాగ లేదు. నీ చదువుకు నేను అడ్డం కాదు తమ్మీ.

నకిరేకల్ టీచర్:
ఇది కదా మొదట అడగాల్సింది.

పాలమూరు మైక్రో:
వైరస్‌లో ఏ మార్పు దేనికో తెలియకుండా కూర్చుంటే భయంతోనే నిర్ణయాలు జరుగుతాయి అన్నా.

చౌటుప్పల్ రైతు:
మార్పు సంగతి నువ్వు చెప్పు. వైరస్ ల్యాబ్ నుంచి బయటపడితే ముందుగాల ఎవరికి ఫోన్ చేస్తరు, పైసలెవరు కట్టిస్తరు, అది నేనడుగుత.

పాలమూరు మైక్రో:
అవి రెండూ అనుమతికి ముందే రాసిపెట్టాలి, సరే. కమిటీలో మీకూ ఒక కుర్చీ వేయొచ్చు, ఓటు మాత్రం తెలిసినవాళ్లకే ఉండాలి.

చౌటుప్పల్ రైతు:
ఓటు లేని కుర్చీ నాకెందుకు?